వార్డు ఫార్మసిస్టు సేవ: నాలుగు నక్షత్రాలు, ఐదోది ఆదివారం పోయింది

ఈ సేవకు బోర్డు ఉండదు. బిల్లులో దీని పేరుతో వరసా ఉండదు. మా నాన్న రక్త కేన్సర్ వార్డులో 39 రోజులు ఉన్నారు. అక్కడ రోగుల మందులు సరిచూసే ఫార్మసిస్టు అమ్మాయిని మొదటి వారమంతా నేను నర్సు అనుకున్నాను. మెడలో స్టెతస్కోపు లేదు, చేతిలో సూది లేదు. చంకలో ఒక ఫైలు, జేబులో ఎర్ర పెన్ను. మంచం దగ్గర నిలబడి మందుల చార్టును చదువుతుంది. మామూలుగా కాదు, నేను ఆడిట్‌లో పద్దులు చదివినట్టు చదువుతుంది. వేలు ఒక వరస మీద, చూపు ఇంకో వరస మీద.

నేను చేసేది ఆడిట్ ఉద్యోగమే. లెక్క తేలకపోతే నిద్ర పట్టదు. ఈ సేవతో నా మొదటి పరిచయం గొడవతోనే మొదలవడానికి అదే కారణం.

నాన్నకు వచ్చింది అక్యూట్ మైలాయిడ్ ల్యుకీమియా, అందరూ ఏఎంఎల్ అనేది. వయసు 71. గట్టి కీమో తట్టుకోలేరని అజాసైటిడిన్ ఇంజెక్షన్లు, వాటితో పాటు వెనెటోక్లాక్స్ మాత్రలు మొదలుపెట్టారు. నేను ముందే చదువుకుని వెళ్ళాను. ఈ జబ్బుకు అజాసైటిడిన్‌తో కలిపి ఇచ్చేటప్పుడు వెనెటోక్లాక్స్ పూర్తి డోసు రోజుకు 400 మిల్లీగ్రాములు. నాన్నకు మొదటి రోజు 10, రెండో రోజు 20, మూడో రోజు 50 ఇచ్చారు. మెల్లగా పెంచుతారని తెలుసు కాబట్టి ఊరుకున్నాను. కేన్సర్ కణాలు ఒక్కసారిగా కూలితే ఆ చెత్తంతా కిడ్నీల మీద పడుతుందట. నాలుగో రోజు ఒక 50, రెండు పదులు, మొత్తం 70. ఐదో రోజూ 70. ఆరో రోజూ అంతే. ఇక ఆగలేకపోయాను. “400 ఇవ్వాల్సిన మందు 70 ఇచ్చి ఊరుకుంటారా? మిగతా 330 ఎక్కడికి పోతోంది?” అని నర్సు మీద గొంతు పెంచాను. నాన్న దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు.

నర్సు ఫోన్ చేస్తే ఆ ఎర్ర పెన్ను అమ్మాయి వచ్చింది. కోపం లేదు, కంగారు లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మేడమ్, ఈ వరస చూడండి. పోసకొనజోల్. తెల్ల రక్తకణాలు పడిపోయిన మనిషికి ఫంగస్ పట్టకుండా ఇస్తున్నాం. వెనెటోక్లాక్స్‌ను ఒంట్లోంచి వదిలించేది కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైము. పోసకొనజోల్ దాన్ని కదలనివ్వదు. తూము మూసేసిన చెరువులోకి రోజూ అంతే నీరు వదిలితే ఏమవుతుంది?”

“గట్టు తెగుతుంది” అన్నారు నాన్న దుప్పటి లోపలి నుంచి.

“అంతే అంకుల్. అందుకే 70.”

ఇది ఆ ఆసుపత్రి వాళ్ళు సొంతంగా వేసుకున్న లెక్క కూడా కాదు. అమెరికాలో ఆ మందుతో పాటు వచ్చే సూచనల కాగితంలోనే పోసకొనజోల్ ఉంటే 70, ఆ ఎంజైమును అంతే గట్టిగా అడ్డుకునే మిగతా మందులుంటే 100 అని ఉంటుంది. 400, 70 మధ్య తేడా నాకు దొంగలెక్కలా కనిపించింది గానీ, 400 ఇచ్చి ఉంటే అదే ప్రమాదం అయ్యేది. సారీ చెప్పాను. ఆమె లేస్తూ, “ఇంటి నుంచి తెచ్చిన మందులు ఏమైనా ఇస్తున్నారా?” అని అడిగింది. “అన్నీ మీ చార్టులోనే ఉన్నాయి” అన్నాను.

ఆ జవాబు గురించి కింద రాస్తాను. రాయకుండా తప్పించుకోవాలని ఉంది గానీ, రాయకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు.

ముందు ఫోన్ యాప్ సంగతి. మందులు ఒకదానితో ఒకటి పడతాయో లేదో చెప్పే యాప్ ఒకటి దింపుకుని, ఆ రాత్రే నాన్న మందులు 14 అందులో ఎక్కించాను. 31 హెచ్చరికలు వచ్చాయి. సగానికి పైగా ఎర్రగా ఉన్నాయి. గుండె గుభేలుమంది. తెల్లారి ఆ ఫోన్ పట్టుకుని ఆమె వెంట పడ్డాను. ఆమె రెండు నిమిషాలు పైకీ కిందికీ జరిపి చూసి, “వీటిలో నేను పట్టించుకునేవి నాలుగు” అంది. యాప్ దగ్గర మందుల పేర్లే ఉంటాయి. డోసు తెలియదు, కిడ్నీ ఎలా ఉందో తెలియదు, 70కి తగ్గించేశారన్న సంగతి అసలే తెలియదు. అందుకే వెనెటోక్లాక్స్, పోసకొనజోల్ జంటను ఆ రోజు కూడా ‘కలిపి వాడవద్దు’ అనే చూపిస్తోంది. డాక్టర్ల కంప్యూటర్లలోనూ ఇలాంటి హెచ్చరికలు పుట్టలు పుట్టలుగా వస్తాయట. చూసీ చూసీ విసుగొచ్చి చదవకుండానే నొక్కేస్తారట. అన్నిటికీ అరిచే కుక్క దొంగ వచ్చినప్పుడు అరిచినా ఎవరూ లేవరు. యాప్‌కు ఒక నక్షత్రం. అదైనా, నేను ఎక్కించని మందు గురించి అది నాకు అబద్ధం చెప్పలేదు కాబట్టి.

ఆ ఎక్కించని మందే అసలు కథ.

నాన్న లైన్‌మన్‌గా చేసేవారు. 19 ఏళ్ళ క్రితం స్తంభం మీంచి పడితే తలకు దెబ్బ తగిలింది. తర్వాత రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. అప్పటినుంచి సోడియం వాల్‌ప్రొయేట్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మా ఇంట్లో అది మందుల లెక్కలోకి రాదు. పళ్ళు తోముకోవడం లాంటిది. చేరిన రోజు శుక్రవారం సాయంత్రం. డ్యూటీ డాక్టరు ఏం వాడుతున్నారని అడిగితే నాన్న “బీపీ మాత్ర” అన్నారు, అంతే. సోమవారం ఫార్మసిస్టు వచ్చి వివరంగా అడిగినప్పుడు పక్కనున్నది తమ్ముడు. వాడికి నాన్న చెప్పు సైజు కూడా తెలియదు. నేను మాత్రం రోజూ రెండు పూటలా నా హ్యాండ్‌బ్యాగులోంచి ఆ మాత్ర తీసి నాన్న చేతిలో పెడుతున్నాను. పెడుతూనే “అన్నీ చార్టులో ఉన్నాయి” అన్నాను.

పన్నెండో రోజు, మంగళవారం, జ్వరం 102 దాటింది. తెల్లకణాలు దాదాపు లేని మనిషికి జ్వరమంటే ఆగి ఆలోచించే వ్యవధి ఉండదు. గంటలోపే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు. సరైన పనే. గురువారం తెల్లవారుజామున 4 గంటలప్పుడు మంచం చప్పుడుకు లేచాను. నాన్న దవడ బిగుసుకుపోయి ఉంది, కుడి చెయ్యి కొట్టుకుంటోంది. పందొమ్మిదేళ్ళ తర్వాత.

ప్లేట్‌లెట్లు అట్టడుగున ఉన్న మనిషికి ఫిట్స్ వస్తే అందరికీ మొదట తోచేది మెదడులో రక్తస్రావం. స్కాన్‌కు పరుగెత్తించారు. రక్తస్రావం లేదు. ఇన్ఫెక్షన్ మెదడుకు పాకిందా? సోడియం పడిపోయిందా? ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతున్నారు. తొమ్మిదింటికి ఫార్మసిస్టు వచ్చింది. ఈసారి నన్ను ఏమీ అడగలేదు. “మేడమ్, మీ బ్యాగు ఒకసారి మంచం మీద బోర్లిస్తారా?” అంది.

దువ్వెన, ఛార్జరు, రసీదులు, వాటి మధ్య సగం వాడిన వాల్‌ప్రొయేట్ స్ట్రిప్పు.

ఆమె ఆ స్ట్రిప్పు చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. మెరోపెనెమ్, ఆ కుటుంబంలోని మిగతా యాంటీబయాటిక్‌లు రక్తంలో వాల్‌ప్రొయేట్‌ను ఒకటి రెండు రోజుల్లోనే కిందికి లాగేస్తాయి. మాత్ర వేస్తూనే ఉంటాం, రక్తంలో మాత్రం ఉండదు. డోసు పెంచినా పెద్దగా లాభం ఉండదట. వెంటనే పరీక్షకు పంపారు. 50 నుంచి 100 మధ్య ఉండాల్సింది 11 వచ్చింది.

ఈ సమీక్షను మొదట ఆసుపత్రిని తిడుతూ మొదలుపెట్టాను. చేరిన రోజే మందుల సంచీ చూడాల్సింది, శుక్రవారం చేరితే సోమవారం దాకా ఫార్మసిస్టు రాకపోవడమేమిటి, ఇలా. ఆ మాటలు ఇప్పటికీ నిజమే. కానీ మధ్యలో ఆ అమ్మాయి నన్ను నేరుగా అడిగిన రోజు ఒకటి ఉంది. ఆ రోజు నేను 330 మిల్లీగ్రాముల దొంగను పట్టుకునే పనిలో ఉన్నాను.

ఫిట్స్‌కు ఏం ఇవ్వాలన్నదీ అంత తేలిగ్గా తేలలేదు. ఎప్పటినుంచో ఉన్న ఫెనిటోయిన్, కార్బమాజెపీన్ పోసకొనజోల్‌కు పూర్తిగా ఎదురు. తూమును బార్లా తెరుస్తాయి, కేన్సర్ మందు పని చేసేలోగానే ఒంట్లోంచి పోతుంది. చివరికి లెవెటిరాసెటమ్ ఎంచుకున్నారు. దాన్ని ఎక్కువగా బయటికి పంపేది కిడ్నీలే, కాలేయంలోని ఆ ఎంజైములతో దానికి పెద్ద పేచీ లేదు. వాల్‌ప్రొయేట్ ప్లేట్‌లెట్లను కూడా తగ్గించగలదు కాబట్టి ఇక దాని జోలికి వెళ్ళొద్దన్నారు. అదే రోజు ఫార్మసిస్టు ఎర్ర పెన్నుతో ఇంకో ప్రశ్న రాసింది: మెరోపెనెమ్ మొదలుపెట్టాక లెవోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ ఇంకా ఎందుకు? జ్వరం రాకముందు కాపలాకు ఇచ్చింది అలాగే నడుస్తోంది. అది, వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, పోసకొనజోల్, మూడూ ఈసీజీలో క్యూటీ అనే దూరాన్ని పొడిగించే రకం. ఆ దూరం 500 మిల్లీసెకన్లు దాటితే గుండె లయ ప్రమాదకరంగా తప్పే అవకాశం బాగా పెరుగుతుంది. తీస్తే 488. లెవోఫ్లాక్సాసిన్ ఆపారు, పొటాషియం, మెగ్నీషియం సరిచేశారు, మూడు రోజుల్లో 450లోకి వచ్చింది. ఇదంతా ఎలాంటి హడావుడీ లేకుండా జరిగింది. జరగనిదాన్ని ఎవరూ చూడలేరు కదా, ఈ సేవకు పేరు రాకపోవడానికి అదే కారణం అనుకుంటాను.

ఆ తర్వాత నేను ఆమెను గమనించడం మొదలుపెట్టాను. పక్క మంచం మీద 19 ఏళ్ళ అబ్బాయి, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా. అతనికి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఉంది కాబట్టి పోసకొనజోల్ ఇవ్వనివ్వలేదు, ఫంగస్‌కు మైకాఫంగిన్ పెట్టించింది. పోసకొనజోల్‌తో కలిస్తే విన్‌క్రిస్టిన్ పేరుకుపోయి నరాలు దెబ్బతింటాయి, పేగుల కదలిక ఆగిపోతుంది, పాదం పైకి లేవకుండా వాలిపోతుంది. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు పెద్ద మోతాదులో ఎక్కించే ముందు గ్యాస్ మాత్ర ఆపించింది. ఆ మందు ఒంట్లోంచి బయటికి పోకుండా అలాంటి మాత్రలు అడ్డుపడగలవు. అంతా సిద్ధమయ్యాక, తలనొప్పిగా ఉందన్నాడని ఆ అబ్బాయి మేనమామ బయటినుంచి ఐబుప్రొఫెన్ తెచ్చాడు. అది కిడ్నీ దారిని ఇరుకు చేస్తుంది, పైగా ప్లేట్‌లెట్ల పనినీ చెడగొడుతుంది. ఆమె ఆ మాత్ర ఆయన చేతిలోంచి తీసుకున్న తీరు చూడాలి. చిన్నపిల్లాడి చేతిలోంచి బ్లేడు తీసుకున్నట్టు.

అదే అబ్బాయికి ముందు ముందు మెర్కాప్టోప్యూరిన్ అనే కేన్సర్ మాత్రలు ఉంటాయట. యూరిక్ యాసిడ్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్ దానితో కలిస్తే మెర్కాప్టోప్యూరిన్ డోసు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గించాలి, లేకపోతే రక్తకణాలు పుట్టే ఎముక మజ్జ ఎండిపోతుంది. రాత్రి నిద్ర పట్టక ఈ రెండింటి పుట్టుక చదివాను. రెండూ ఒకే ఇంటి పిల్లలు. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ బృందానివి. మెర్కాప్టోప్యూరిన్ త్వరగా విరిగిపోకుండా నిలపడానికే మొదట అల్లోప్యూరినాల్‌ను పరీక్షించారట. ఆ ప్రయత్నం అనుకున్నట్టు సాగకపోయినా యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్ళు వాచే గౌట్ రోగులకు గొప్ప మందు దొరికింది. వాళ్ళిద్దరికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు వార్డుల్లో భయపడే ఈ కలయిక పొరపాటున పుట్టింది కాదు, కోరి కలిపి చూసింది. ఇది సమీక్షకు అవసరం లేదు. నాకు మాత్రం ఆ రాత్రి ఎందుకో ధైర్యమిచ్చింది.

మేనత్త మూలికల గుళికల సీసా తెచ్చిన రోజు నేనే ఆపాను. ఫార్మసిస్టు సీసా తిప్పి చూసింది, లోపల ఏముందో ఎక్కడా రాసి లేదు. “ఇందులో ఏముందో తెలియకుండా దేనితో సరిచూడను పిన్నిగారూ?” అంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క ఒక్కటి చాలట, కేన్సర్ మందును సగంలో నీరుగార్చడానికి. గ్రేప్‌ఫ్రూట్ అనే నారింజ జాతి పండు దానికి రివర్సు, మందును పేరుకుపోయేలా చేస్తుంది. అత్తయ్య అలిగి వెళ్ళింది, తర్వాత వారం మళ్ళీ వచ్చింది, సీసా లేకుండా.

ఇప్పుడు ఒక నక్షత్రం ఎందుకు కోశానో చెప్పాలి.

ఆ అమ్మాయి ఒక్కతే. 40 మంచాలు. శని, ఆదివారాలు రాదు. ఇరవై మూడో రోజు శనివారం నాన్న కాలేయ పరీక్షలు పెరిగాయని పోసకొనజోల్ ఆపి మైకాఫంగిన్‌కు మార్చారు. చార్టులో వెనెటోక్లాక్స్ మాత్రం 70 అలాగే ఉంది. ఈలోపు నేనూ కొంచెం నేర్చుకున్నాను కదా. తూము తెరిచారు, మరి నీళ్ళు పెంచరా? అని డ్యూటీ డాక్టరును అడిగాను. “సోమవారం చూస్తారమ్మా” అన్నాడు. ఆదివారమంతా కుతకుతలాడాను. సోమవారం ఫార్మసిస్టు వచ్చి, పోసకొనజోల్ ఆపినా దాని ప్రభావం వెంటనే పోదని, పూర్తి డోసుకు వెళ్ళేది ఎలాగూ రెండు మూడు రోజులు ఆగాకేనని చెప్పింది. అంటే ఆ ఆదివారం ఏ నష్టమూ జరగలేదు. కానీ జరగలేదని ఆదివారం ఎవరికీ తెలియదు. డ్యూటీ డాక్టరు తెలిసి ఆగలేదు, తెలియక ఆగాడు. కలిసొచ్చిన లెక్కను నేను సరైన లెక్క అనను. చివరికి పెద్ద డాక్టరు, మజ్జ పరీక్ష చూసి, రక్తకణాలు కోలుకునేదాకా ఆ మాత్రే ఆపేశారు.

మందు కలిపినప్పుడు పదిమంది చూస్తారు. తీసేసినప్పుడు ఎవరూ చూడరు. నేను ఆ వార్డులో చూసిన పెద్ద కంత ఇదే.

ఇక ఆ ఐదో నక్షత్రం పోయిన ఆదివారం, ముప్ఫై ఎనిమిదో రోజు. డిశ్చార్జ్ కాగితాలు నా చేతికొచ్చాయి. అలవాటు కొద్దీ మంచం అంచున కూర్చుని వరస వరసా చదివాను. ‘వెనెటోక్లాక్స్ 70 మి.గ్రా., రోజూ’ అని ఉంది. అది మొదటి వారం రాసినది, అక్కణ్ణుంచి అలాగే దిగిపోయింది. ఆ మందు ఆపి రెండు వారాలైంది, 70కి కారణమైన పోసకొనజోల్ కూడా లేదు. లెవెటిరాసెటమ్ ఉంది, బాగుంది. చిట్టచివర ఒక వాక్యం: ‘ఇంటి మందులు యథాప్రకారం కొనసాగించాలి.’

ఇంటి మందులంటే ఏవి? నా బ్యాగులోంచి వచ్చినవేగా.

సంతకం పెట్టనన్నాను. నాన్నకు కోపం వచ్చింది, బట్టలు మార్చుకుని చెప్పులు కూడా వేసుకుని కూర్చున్నారు. “నీ ఆడిట్ ఇక్కడా మొదలెట్టావా?” అన్నారు. ఇంకో రాత్రి ఉండాల్సి వచ్చింది. సోమవారం తొమ్మిదింటికి ఆ అమ్మాయి వచ్చి కాగితం చూసి, ఏమీ మాట్లాడకుండా ఎర్ర పెన్ను తీసింది. వెనెటోక్లాక్స్ వరస కొట్టేయించి, ‘తర్వాతి విడతలో ఏ ఫంగస్ మందు ఉంటుందో తేలాకే డోసు’ అని రాయించింది. ‘ఇంటి మందులు’ అన్న వాక్యం తీసేసి, ఒక్కొక్క మందు పేరు, ఎందుకు, ఎప్పటిదాకా అని విడివిడిగా రాసిచ్చింది. ఎదురుగా, ఏవి ఆపారో, ఎందుకు ఆపారో ఇంకో వరస. ఈ రెండో వరస నేను ఏ డిశ్చార్జ్ కాగితంలోనూ చూడలేదు.

తర్వాత నా బ్యాగు, నాన్న సంచీ, తమ్ముడు తెచ్చిన డబ్బా అన్నీ మంచం మీద బోర్లించింది. ఇప్పుడు కొత్తగా చేరిన ప్రతి ఒక్కరితోనూ ఇలాగే చేయిస్తోందట. ఏం వాడుతున్నారని అడగడం మానేసింది, సంచీ చూపించమంటోంది. స్ట్రిప్పులు రెండు కుప్పలుగా వేసింది. వాల్‌ప్రొయేట్ రెండో కుప్పలో పడింది.

“పందొమ్మిదేళ్ళు వేసుకున్నాను తల్లీ” అన్నారు నాన్న.

“తెలుసు అంకుల్” అని స్ట్రిప్పు తన కవర్లో వేసుకుంది. అట్టపెట్టె మాత్రం ఆయనకే వదిలేసింది.

ఆ పెట్టె ఇప్పటికీ నాన్న తలగడ పక్కనే ఉంది. ఖాళీదే. నేను రెండుసార్లు తెరిచి చూశాను.